నత్రజని జాడ: అమైనో ఆమ్లాల విఘటనను నేర్చుకునే తీరు

కర్బన రసాయన శాస్త్రంలో అమైనో ఆమ్లాల విఘటనం అనే పాఠం చాలామంది విద్యార్థులకు పేర్ల జాబితాగానే ఎదురవుతుంది. డీఎమినేషన్, డీకార్బాక్సిలేషన్, ట్రాన్సెమినేషన్, స్ట్రెకర్ విఘటనం అంటూ ఒకదాని వెంట ఒకటి వచ్చే చర్యలను పరీక్ష ముందు రాత్రి వల్లె వేయడం, పరీక్ష హాలు దాటగానే మరిచిపోవడం డిగ్రీ తరగతుల్లో మామూలైపోయింది. అణువు విరిగినప్పుడు దానిలోని నత్రజని ఎక్కడికి పోయిందన్న ఒక్క ప్రశ్నను వదలకుండా పట్టుకున్నవారికి ఈ చర్యలన్నీ తమంతట తామే వరసలో కూర్చుంటాయి. అదే ప్రశ్న చేపల చెరువు గట్టు మీద నిలబడ్డ రైతుకూ, బజారులో చేప మొప్ప ఎత్తి చూసే గృహిణికీ కూడా పనికొస్తుంది కనుక ఈ అధ్యాయం ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని సాగుతుంది.

ముందుగా అణువు నిర్మాణం తెలియాలి. అమైనో ఆమ్లం మధ్యలో ఒక కార్బన్ పరమాణువు ఉంటుంది. దానికి ఒక వైపు నత్రజనితో కూడిన అమైన్ సమూహం, మరో వైపు ఆమ్ల గుణాన్నిచ్చే కార్బాక్సిల్ సమూహం, ఇంకో వైపు హైడ్రోజన్, నాలుగో వైపు ఆయా ఆమ్లానికి ప్రత్యేకతనిచ్చే పార్శ్వ శృంఖలం అతుక్కుని ఉంటాయి. మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను, కట్టే ఇరవై అమైనో ఆమ్లాలకూ ప్రోలీన్ అనే ఒక్క మినహాయింపుతో ఈ ఏర్పాటు సమానమే. ప్రోలీన్‌లో పార్శ్వ శృంఖలం వెనక్కి వంగి నత్రజనితోనే కలిసి వలయంగా మారుతుంది. ఇంత తెలిస్తే ఏ విఘటన చర్య ఎదురైనా విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్నలు మూడే: అమైన్ సమూహం ఊడిందా, కార్బాక్సిల్ సమూహం ఊడిందా, పార్శ్వ శృంఖలం చీలిందా. మొదటిది జరిగితే అమ్మోనియా, రెండోది జరిగితే బొగ్గుపులుసు వాయువు, మూడోది జరిగితే ఆ శృంఖలాన్ని బట్టి గంధకపు వాసనో, ఇండోల్ వాసనో బయటపడతాయి.

ఈ మూడూ ప్రయోగశాల బయట కళ్లెదుట జరిగే ప్రదేశం కొల్లేటి ప్రాంతం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లు నీటిని మోసుకొస్తే, ఉప్పుటేరు దాన్ని సముద్రానికి చేరుస్తుంది. 1970ల దశకం నుంచి సరస్సు చుట్టూ చేపల చెరువులు విస్తరించాయి. ఏలూరు, కైకలూరు, ఆకివీడు, భీమడోలు మీదుగా వెళ్లేవారికి నేడు వరి చేల కన్నా చెరువు గట్లే ఎక్కువగా కనిపించే దారులు ఉన్నాయి. 1945లో మొదలైన ఏలూరు సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల నుంచి 2015లో తాడేపల్లిగూడెంలో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వరకు ఇక్కడ చదివే రసాయన శాస్త్ర విద్యార్థికి తన పాఠ్యపుస్తకంలోని చర్యలు బస్సు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటాయి. వాటిని పాఠంతో ముడిపెట్టి చూడడం ఎవరూ నేర్పకపోవడం మాత్రం పెద్ద లోటు.

గొలుసు తెగడం

అమైనో ఆమ్లం విరగడానికి ముందు మాంసకృత్తి విరగాలి. ఒక అమైనో ఆమ్లపు కార్బాక్సిల్ సమూహాన్నీ తరవాతి దాని అమైన్ సమూహాన్నీ కలిపే పెప్టైడ్ బంధాన్ని నీటి అణువుతో తెంచడమే జలవిశ్లేషణ. చేప కడుపులో ఈ పని ఎంజైములు గంటల్లో చేస్తాయి. ప్రయోగశాలలో గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 24 గంటలు ఉంచాలి. అంత వేడికి, అంత ఆమ్లానికి బంధాలతో పాటు కొన్ని అమైనో ఆమ్లాలు కూడా దెబ్బతింటాయి. ట్రిప్టోఫాన్ దాదాపు పూర్తిగా నశిస్తుంది. సెరీన్, థ్రియొనీన్ కొంత తరుగుతాయి. ఆస్పరజీన్, గ్లుటమీన్ తమ పార్శ్వ శృంఖలంలోని నత్రజనిని అమ్మోనియాగా వదిలి ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలుగా మారతాయి. ట్రిప్టోఫాన్‌ను కాపాడుకోవాలని ఆమ్లానికి బదులు క్షారం వాడితే సిస్టీన్, ఆర్జినీన్ వంటివి పాడవుతాయి. ఈ వివరాలను విడివిడిగా గుర్తు పెట్టుకోవడం కష్టం. ఏ పార్శ్వ శృంఖలం ఏ పరిస్థితికి తట్టుకోలేదో అణువు బొమ్మ గీసి చూసుకుంటే మాత్రం ఒక్క సాయంత్రంలో పట్టుబడతాయి.

విడిపడిన అమైనో ఆమ్లం శరీర నిర్మాణానికి పనికివస్తే మళ్లీ గొలుసులో చేరుతుంది, అవసరానికి మించితే విరుగుతుంది. కొవ్వును దాచుకున్నట్టు శరీరం అమైనో ఆమ్లాలను దాచుకోలేదు; తరవాత చెప్పబోయే చెరువు లెక్కంతా ఈ ఒక్క వాస్తవం మీద ఆధారపడి ఉంది. విరిగే క్రమంలో మొదటి మెట్టు సాధారణంగా ట్రాన్సెమినేషన్, అంటే అమైన్ సమూహాన్ని ఒక అణువు నుంచి మరో అణువుకు బదిలీ చేయడం. 1937లో బ్రౌన్‌స్టైన్, క్రిట్స్‌మన్ అనే సోవియట్ శాస్త్రవేత్తలు వివరించిన ఈ చర్యలో విటమిన్ బి6 నుంచి తయారయ్యే సహ ఎంజైము నత్రజనిని తాత్కాలికంగా తన మీద మోస్తుంది. వేర్వేరు అమైనో ఆమ్లాల నత్రజని ఈ విధంగా ఎక్కువగా గ్లుటామిక్ ఆమ్లం దగ్గరికి చేరుతుంది. అక్కడ డీహైడ్రోజినేజ్ ఎంజైము దాన్ని అమ్మోనియాగా విడదీస్తుంది. నత్రజని పోయాక మిగిలిన కార్బన్ అస్థిపంజరాన్ని కీటో ఆమ్లం అంటారు. అది శక్తి కోసం దహనమవుతుంది, లేదా చక్కెరగానో కొవ్వుగానో మారుతుంది.

అమ్మోనియా విషం కనుక ప్రతి ప్రాణీ దాన్ని వదిలించుకోవాలి, ఆ వదిలించుకునే పద్ధతి ఆ ప్రాణికి అందుబాటులో ఉన్న నీటిని బట్టి ఉంటుంది. కొల్లేరులో మూడు పద్ధతులూ పక్కపక్కనే చూడవచ్చు. చేప చుట్టూ నీరే కనుక అది అమ్మోనియాను అధిక భాగం మొప్పల ద్వారా నేరుగా నీటిలోకి వదిలేస్తుంది, అందుకు దానికి పెద్దగా శక్తి ఖర్చు కాదు. గట్టు మీది మనిషి కాలేయంలో అమ్మోనియాను యూరియాగా మార్చి మూత్రంలో విసర్జిస్తాడు; 1932లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ కనుగొన్న ఈ యూరియా వలయంలో ఒక్కో యూరియా అణువుకు శక్తినిచ్చే ఫాస్ఫేట్ బంధాలు నాలుగు ఖర్చవుతాయి. ఆటపాకలో గూడు కట్టే గూడబాతులు, అంటే పెలికాన్లు, నత్రజనిని నీటిలో కరగని తెల్లని యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తాయి. చెట్ల కొమ్మల మీద కనిపించే తెల్లని పూత అదే. ఒకే చేపలోని మాంసకృత్తి తిన్నవారిని బట్టి మూడు రూపాల్లో బయటికి వస్తుందని గ్రహించిన విద్యార్థికి నత్రజని విసర్జన మీద ఇరవై మార్కుల ప్రశ్న వచ్చినా భయపడవలసిన పని లేదు.

మేత సంచిలో లెక్క

కొల్లేటి చెరువుల్లో మేత వేసే పద్ధతిని దగ్గరగా గమనించడం మంచిది. చెరువులో వరుసగా పాతిన వెదురు కర్రలకు, అడుగున చిన్న చిన్న చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచులు కట్టి ఉంటాయి. ఉదయాన్నే కూలీలు పడవలో వెళ్లి ఆ సంచుల్లో నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క లేదా పత్తి చెక్క కలిపి నింపుతారు. శీలావతి, బొచ్చె చేపలు ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి మేతను లాక్కుని తింటాయి. కొన్ని గంటల తరవాత సంచి ఎత్తి చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. నీటిలో ఎక్కడ పడితే అక్కడ చల్లే పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో తెలివైన ఏర్పాటు, ఎందుకంటే మిగిలిన మేతను కొలవగలిగిన రైతు మాత్రమే మరుసటి రోజు మేతను తగ్గించగలడు.

ఆ సంచిలోని నత్రజనిని లెక్కించడం ఎవరికైనా సాధ్యమే. 1883లో డెన్మార్క్‌కు చెందిన యోహాన్ కెల్డాల్ మేతను గాఢ గంధకికామ్లంలో మరిగించి, దానిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి కొలిచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. మాంసకృత్తుల్లో సగటున 16 శాతం నత్రజని ఉంటుందన్న అంచనాతో, వచ్చిన అంకెను 6.25తో గుణిస్తే మాంసకృత్తుల శాతం వస్తుంది. మేత బస్తా మీద ముడి ప్రోటీన్ అని ముద్రించేది ఈ అంకెనే. ఈ పరీక్ష నత్రజనిని మాత్రమే కొలుస్తుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. మేతలో యూరియా కలిపినా అంకె పెరుగుతుంది. కాబట్టి అంకె ఒక్కటే చూసి మేత కొనడం క్షేమం కాదు.

లెక్కను వెనక్కి నడిపిస్తే చెరువు సంగతి తెలుస్తుంది. 28 శాతం మాంసకృత్తులున్న 100 కిలోల మేతలో 28 కిలోల మాంసకృత్తులు, అంటే దాదాపు నాలుగున్నర కిలోల నత్రజని ఉంటుంది. చేప ఒంట్లో నిలిచేది ఇందులో సాధారణంగా మూడో వంతుకు మించదు; మిగిలిన సుమారు 3 కిలోలు నీటిలో కలుస్తాయి, అందులో అధిక భాగం అమ్మోనియాగానే కలుస్తుంది. ఒక ఎకరం విస్తీర్ణం, 5 అడుగుల లోతు ఉన్న చెరువులో దాదాపు 60 లక్షల లీటర్ల నీరు ఉంటుంది కనుక, వృక్షప్లవకాలు, అంటే నీటికి పచ్చదనాన్నిచ్చే సూక్ష్మ శైవలాలు, పీల్చుకోకపోతే ఆ 100 కిలోల మేత ఒక్కటే నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాము నత్రజనిని చేర్చగలదు. మబ్బు పట్టిన వారంలో ఈ సూక్ష్మ మొక్కలు మందగిస్తాయి. అప్పుడు మేతను మునుపటిలాగే వేస్తూ పోవడం ఎంత ప్రమాదమో ఈ అంకె చెబుతుంది.

చేప ఎంత నత్రజనిని నిలుపుకుంటుందన్నది మేతలోని అమైనో ఆమ్లాల పొందిక మీద కూడా ఆధారపడుతుంది. చేపలు తమంతట తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు పది. వాటిలో ఏ ఒక్కటి తక్కువైనా, ఇటుకలు గుట్టలుగా ఉన్నా సిమెంటు అయిపోయిన చోట గోడ ఆగిపోయినట్టే, కండ పెరుగుదల అక్కడితో నిలిచిపోతుంది. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు దండిగా ఉన్నా లైసీన్, మిథియొనీన్ తక్కువ. ఆ లోటు వల్ల మిగిలిపోయిన పద్దెనిమిది రకాలూ వాడకం లేక అమైన్ సమూహాన్ని పోగొట్టుకుని అమ్మోనియాగా నీటిలో కలుస్తాయి. చెక్క ధర పెట్టి కొన్న నత్రజని చెరువుకు విషంగా మారడానికి కారణం చేప తిండిపోతుతనం అనుకోవడం పొరపాటు, మూలం మేత పొందికలో ఉంది. తాడేపల్లిగూడెం పరిసరాల మిల్లుల్లో దొరికే తవుడును వేరే రకాల చెక్కలతో కలిపి వాడే రైతు, తెలిసో తెలియకో, ఒకదాని లోటును మరొకదానితో పూడుస్తున్నాడు. సోయా చెక్కలో లైసీన్ బాగా ఉంటుంది కనుక కలపడానికి అది అనువైనది.

ఇక అమ్మోనియా విషప్రభావం గురించి. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది: విద్యుదావేశం లేని అమ్మోనియా, ఆవేశం ఉన్న అమ్మోనియం అయాను. మొదటిది మొప్పల పొరను సులువుగా దాటి రక్తంలోకి పోతుంది కనుక అదే ప్రమాదకరం; రెండోది అంత హాని చేయదు. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది ముఖ్యంగా నీటి పీహెచ్. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో విషరూపం సుమారు 0.6 శాతం, 8 అయితే 5 శాతం, 9 అయితే 36 శాతం. అంటే నీటిలో మొత్తం అమ్మోనియా ఒక్క చుక్క పెరగకుండానే పీహెచ్ 7 నుంచి 9కి మారితే విషం అరవై రెట్లవుతుంది. నీరు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది.

ఎండ కాసే రోజున శైవలాలు నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడంతో మధ్యాహ్నానికి పీహెచ్ ఎక్కుతుంది, రాత్రి శ్వాసక్రియతో దిగుతుంది. కాబట్టి అమ్మోనియా పరీక్షను ఉదయం చేసి నిశ్చింతగా ఉండడం తగదు. కిట్టు చూపించేది మొత్తం అమ్మోనియానే కనుక మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళ పీహెచ్, ఉష్ణోగ్రత కూడా కొలిచి, మూడింటినీ కలిపి చదవాలి. కరిగిన ఆక్సిజన్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అది అత్యల్పంగా ఉండేది తెల్లవారుజామున, చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరిచే వేళ. రెండు ప్రమాదాలకూ వేళలు వేరని గుర్తించిన రైతు ఏరేటరు ఎప్పుడు తిప్పాలో, మేత ఎప్పుడు ఆపాలో ఒకదానితో ఒకటి కలగాపులగం చేసుకోడు.

చెరువులో ఏ ఇబ్బంది వచ్చినా సున్నం చల్లే అలవాటును ఇక్కడ గట్టిగా ప్రశ్నించక తప్పదు. ఆమ్లత్వం ఉన్న నీటికి సున్నం మేలు చేస్తుంది, అయితే అమ్మోనియా పోగుపడిన చెరువులో పీహెచ్ ఇంకా ఎక్కించే పొడి సున్నం వేయడమంటే హాని చేయని అమ్మోనియాన్ని చేతులారా విషంగా మార్చడమే. జియోలైట్ అనే ఖనిజం అమ్మోనియం అయాన్లను పట్టుకోగలదు, కాని ఉప్పు శాతం ఉన్న నీటిలో సోడియం పోటీకి వస్తుంది కనుక దాని పట్టు సడలుతుంది. రొయ్యల చెరువుల్లో దాని మీద పెట్టే డబ్బులో ఎంత ఫలితం వస్తోందో కొలిచి చూసుకోవాలి. మందుల కన్నా ముందు చేయవలసింది మేత తగ్గించడం, ఎందుకంటే నత్రజని లోపలికి వచ్చే ద్వారాల్లో మూసివేయగలిగింది అదొక్కటే.

నీటిలోని అమ్మోనియాను నైట్రోసోమొనాస్ వంటి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, నైట్రోబాక్టర్ వంటివి నైట్రేట్‌గా మారుస్తాయి; ఒక గ్రాము నత్రజనిని ఇలా మార్చడానికి నాలుగున్నర గ్రాములకు పైగా ఆక్సిజన్ ఖర్చవుతుంది. రెండో మెట్టు వెనకబడితే నైట్రైట్ పేరుకుని చేప రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పాడు చేస్తుంది. మొప్పలు ఎర్రగా ఉండవలసింది గోధుమ రంగుకు తిరుగుతాయి. మంచినీటి చెరువుల్లో అటువంటప్పుడు ఉప్పు వేయడం వెనక కారణం ఉంది: ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌తో పోటీపడి దాన్ని లోపలికి రానివ్వదు.

ఐసు ఆపేదేమిటి

వల లాగి చేపలను ఒడ్డుకు తెచ్చిన తరవాత మరో రకం విఘటనం మొదలవుతుంది, ఆ కథలో తొలి అధ్యాయం భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త పేరుతో ముడిపడి ఉంది. 1895లో అక్కడ జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లోని భాస్వరపు పదార్థాలను పరిశీలిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో శక్తిని మోసే ఏటీపీని గుర్తించాడు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. చేప చనిపోగానే దాని కండల్లోని ఏటీపీ తరుగుతూ వస్తుంది, పూర్తిగా అయిపోయే సరికి కండ బిగుసుకుంటుంది. ఏటీపీ విడిపోతూ మొదట రుచినిచ్చే ఐనోసీన్ మోనోఫాస్ఫేట్‌గా, చివరికి చేదు తగిలే హైపోజాంథీన్‌గా మారుతుంది. గట్టిగా, వంచితే వంగకుండా ఉన్న చేప తాజాదని బజారులో చెప్పే మాటకు ఆధారం కండ ఇలా బిగుసుకోవడమే. ఈ దశ వరకు పని చేసేవి చేప సొంత ఎంజైములు. వాసన ఇంకా మొదలు కాదు.

వాసన సూక్ష్మజీవులతో వస్తుంది. అవి అమైనో ఆమ్లాల కార్బాక్సిల్ సమూహాన్ని బొగ్గుపులుసు వాయువుగా ఊడదీస్తాయి, నత్రజని మాత్రం మిగిలిన ముక్కకే అతుక్కుని ఉంటుంది. దీన్ని డీకార్బాక్సిలేషన్ అంటారు. ఆమ్లం పోయి అమైన్ మిగలడంతో పుట్టే పదార్థాలు క్షారగుణం కలవి, ఘాటు వాసన గలవి. లైసీన్ నుంచి కెడావరీన్, ఆర్నిథీన్ నుంచి పుట్రెసీన్ ఈ విధంగానే వస్తాయి. 1885లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ బ్రీగర్ ఈ రెంటినీ కుళ్లిన కణజాలంలో గుర్తించాడు. హిస్టిడీన్ నుంచి హిస్టమీన్ వస్తుంది. కానాగంతలు, ట్యూనా వంటి సముద్రపు చేపల్లో హిస్టిడీన్ ఎక్కువ కనుక వాటిని ఎండలో వదిలేస్తే హిస్టమీన్ పేరుకుపోయి, తిన్నవారికి ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి వంటి లక్షణాలు కనిపిస్తాయి. వండితే పోతుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. వేడికి సూక్ష్మజీవి చస్తుంది, అది అప్పటికే తయారు చేసిన హిస్టమీన్ మాత్రం చెక్కుచెదరదు. సిస్టీన్ పార్శ్వ శృంఖలం విరిగితే కుళ్లిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్, ట్రిప్టోఫాన్ విరిగితే ఇండోల్ వెలువడతాయి.

అన్ని చేప వాసనలనూ అమైనో ఆమ్లాల ఖాతాలో వేయకూడదు. సముద్రపు చేపకు ప్రత్యేకమైన నీచు వాసన ప్రధానంగా ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ నుంచి వస్తుంది, అది చెరువు చేపల్లో చాలా తక్కువ. చెరువు చేపలో అప్పుడప్పుడు తగిలే మట్టి వాసనకు మూలం నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు తయారు చేసే జియోస్మిన్. బజారులో మట్టి వాసన వచ్చిన చేపను కుళ్లిందని పారేయడం, ఘాటుగా మారిన చేపను నిమ్మకాయతో కడిగి వండడం రెండూ పొరపాట్లే. నిమ్మరసంలోని ఆమ్లం అమైన్లను లవణాలుగా మార్చి గాలిలోకి లేవకుండా చేస్తుంది. వాసన తగ్గుతుంది, పదార్థం అక్కడే ఉంటుంది.

కొల్లేటి చేప వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కలకత్తా, గౌహతి వంటి చోట్లకు చేరుతుంది. ట్రేలలో చేపల వరుస, దాని మీద నలగగొట్టిన ఐసు, మళ్లీ చేపల వరుస పేర్చడంలోని మెళకువ ఏమిటంటే, కరిగే ఐసు చేపను సున్నా డిగ్రీల దగ్గర నిలుపుతూ, పై పొరలోని సూక్ష్మజీవులను కడిగి కిందికి దించుతుంది. వల లాగిన చోటు నుంచి ఐసు తగిలే వరకు గడిచిన సమయమే చేప ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఎండలో గుట్టగా పోసి బేరం ముగిసే దాకా ఆగితే, తరవాత ఎంత ఐసు వేసినా అప్పటికే పుట్టిన అమైన్లను వెనక్కి తిప్పలేదు.

పెనం మీదా, పరీక్ష నాళికలోనూ

చేప ముక్కను పెనం మీద వేసినప్పుడు వచ్చే కమ్మని వాసన కూడా అమైనో ఆమ్లాల విఘటనమే. 1862లో అడాల్ఫ్ స్ట్రెకర్, అలాక్సాన్ అనే పదార్థంతో అలనీన్‌ను వేడి చేస్తే అది ఒక కార్బన్ తగ్గిన ఆల్డిహైడ్‌గా మారుతుందని చూపించాడు. 1912లో లూయీ కమీల్ మయార్ వివరించిన, చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య జరిగే గోధుమరంగు చర్యలో ఈ స్ట్రెకర్ విఘటనం ఒక భాగం. వేపుడులోనూ, కాల్చిన రొట్టెలోనూ, వేయించిన వేరుశనగలోనూ ఘుమఘుమలాడేవి ఇలా పుట్టిన ఆల్డిహైడ్లు, వాటి నుంచి ఏర్పడే ఇతర పదార్థాలు. ఇక్కడ అమైన్, కార్బాక్సిల్ సమూహాలు రెండూ పోతాయి. మిగిలేది పార్శ్వ శృంఖలంతో కూడిన ముక్క, అందుకే ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో వాసన.

కళాశాల ప్రయోగశాలలో చేసే నిన్‌హైడ్రిన్ పరీక్ష దీనికి దగ్గరి చుట్టమే. 1910లో సీగ్‌ఫ్రీడ్ రూహెమన్ కనుగొన్న ఈ చర్యలోనూ అమైనో ఆమ్లం ఆల్డిహైడ్‌గా, బొగ్గుపులుసు వాయువుగా విరుగుతుంది. నత్రజని మాత్రం రెండు నిన్‌హైడ్రిన్ అణువుల మధ్య వంతెనగా నిలిచి ముదురు ఊదా రంగునిస్తుంది. దాదాపు అన్ని అమైనో ఆమ్లాలూ ఒకే రంగునెందుకు ఇస్తాయని వైవాలో అడిగితే చాలామంది తడబడతారు. రంగు పదార్థంలో అమైనో ఆమ్లానికి చెందినది నత్రజని ఒక్కటే కనుక రంగు మారడానికి వీల్లేదు. నత్రజని వలయంలో బిగుసుకున్న ప్రోలీన్ మాత్రం పసుపు రంగునిస్తుంది. నైట్రస్ ఆమ్లంతో జరిపే వాన్ స్లైక్ పద్ధతిలో అదే నత్రజని వాయువుగా బుడగలు కట్టి బయటికి వస్తుంది, ఆ వాయువు ఘనపరిమాణాన్ని కొలిచి ఎన్ని అమైన్ సమూహాలున్నాయో లెక్కిస్తారు. ఆ వాయువులో సగం నత్రజని నైట్రస్ ఆమ్లానిదేనని మరిచిపోతే లెక్క రెట్టింపవుతుంది.

చదువుకునేవారు ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో అలనీన్ అణువును గీసి, ట్రాన్సెమినేషన్, డీకార్బాక్సిలేషన్, స్ట్రెకర్ విఘటనం, నిన్‌హైడ్రిన్, నైట్రస్ ఆమ్లం అనే ఐదు దారులను దాని చుట్టూ గీయాలి. ప్రతి దారి చివర నత్రజని ఏ రూపంలో ఉందో ఎర్ర సిరాతో, మిగిలిన కార్బన్ అస్థిపంజరం ఏమైందో నల్ల సిరాతో రాయాలి. తరవాత పుస్తకం మూసి అదే బొమ్మను లైసీన్‌తో గీయడానికి ప్రయత్నించాలి. లైసీన్‌లో రెండు నత్రజనులున్నాయి కనుక ఎక్కడో ఒక చోట చేయి ఆగుతుంది. ఆగిన చోటే నేర్చుకోవలసిన చోటు.

శరీరంలోనూ దారి మధ్యలో ఆగిపోయే సందర్భాలు ఉంటాయి. ఫోలిక్ ఆమ్లం చాలనివారిలో హిస్టిడీన్ విఘటనం సగంలో నిలిచి, ఫార్మిమినోగ్లుటామిక్ ఆమ్లం మూత్రంలో బయటపడుతుంది. ఒకప్పుడు వైద్యులు దీన్నే ఫోలిక్ లోపానికి పరీక్షగా వాడేవారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకత్వం వహించినది సుబ్బారావే. టైరోసీన్ విఘటనంలో ఒక ఎంజైము పుట్టుకతోనే లేనివారి మూత్రం గాలి తగిలి నల్లబడుతుందని, అది వంశపారంపర్యంగా వస్తుందని 1902లో ఆర్చిబాల్డ్ గ్యారడ్ వివరించాడు. ఇటువంటి లోపాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి కనుక మేనరికాల్లో వాటికి అవకాశం ఎక్కువ. మేనరికపు కుటుంబాలు పుట్టిన బిడ్డకు మడమ రక్తపు పరీక్ష గురించి వైద్యులను అడగడం మంచిది.

చెరువు నుంచి బయటికి పోయే నత్రజని మాట ఇంకా మిగిలే ఉంది. చెరువు ఎండగట్టినప్పుడు వదిలిన నీరు మురుగు కాలువల ద్వారా సరస్సుకే చేరుతుంది. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా ప్రకటించిన కొల్లేరులో గుర్రపుడెక్క అంత దట్టంగా అల్లుకోవడానికి ఇలా చేరే నత్రజని, భాస్వరం ఒక ముఖ్య కారణం. పట్టుబడికి వారం ముందు నుంచి మేత తగ్గించడం, నీటిని ఒకేసారి కాలువలోకి వదలకుండా మొక్కలున్న గుంటలో కొన్నాళ్లు నిలిపి పంపడం రైతు చేతిలో ఉన్న పనులు. నిలిపిన గుంట అడుగున ఆక్సిజన్ లేని బురదలో కొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతాయి. ఎండిన చెరువు అడుగు మట్టిని గట్టు మీద గుట్ట పోసి వానకు వదిలేస్తే అందులోని నత్రజని మళ్లీ నీటిలోకే కొట్టుకువస్తుంది. ఉప్పు శాతం పరీక్షించి, తక్కువగా ఉంటే వరి చేలకు తోలుకోవాలి, అప్పుడు ఆ మడికి వేసే యూరియాను ఆ మేరకు తగ్గించుకోవచ్చు.